అక్కా, రాత్రుళ్ళు నేను చేస్తున్న పని ఇదే

అక్కా,

రాత్రుళ్ళు ఏం చేస్తున్నావని మొన్న నువ్వు అడిగినదానికి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే మధ్యలో అమ్మ అందుకుంటుంది, తర్వాత నాన్న ఇక్కడి చలి గురించి అడుగుతారు, చివరికి నువ్వు "సరేలే, మళ్ళీ మాట్లాడదాం" అంటావు, అసలు సంగతి అక్కడే ఉండిపోతుంది.

ముందు మామూలు కబుర్లు. ఒంట్లో బాగానే ఉంది, దగ్గు పూర్తిగా పోయింది. ఆఫీసులో పని ఎక్కువే కానీ మోయలేనంత కాదు. అద్దె కాగితాల గొడవ తేలిపోయింది, నాన్నని ఇక దాని గురించి ఆలోచించొద్దని చెప్పు.

ఇక అమ్మ అనుమానం. నాతో మాట్లాడుతుంటే వెనక టకటకమని ఏదో చప్పుడు వస్తోందని, నేను ఆమె మాట వినకుండా ఇంకేదో చేసుకుంటున్నానని, అర్ధరాత్రి దాకా ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నానని నీ దగ్గర బాధపడిందట. ఆ చప్పుడు నా వేళ్ళది. నా బల్ల మీద ఒక చిన్న పెట్టె ఉంది, దాని మీద పదహారు రబ్బరు ప్యాడ్లు, ఒక్కోటి నొక్కితే ల్యాప్‌టాప్‌లోంచి ఒక్కో డ్రమ్ మోగుతుంది. నేను హిప్ హాప్ బీట్లు, అంటే ర్యాప్ పాటల వెనక మోగే సంగీతం, చేయడం నేర్చుకుంటున్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టినప్పుడు వేళ్ళు వాటంతటవే ప్యాడ్ల మీదకి వెళ్ళిపోతాయి, అంతే. అమ్మ చెప్పిన ప్రతి మాటా విన్నాను. కావాలంటే ఆమెనే అడగమను, పెద్దత్త మోకాలి సంగతి దగ్గర్నుంచి అన్నీ తిరిగి చెప్తాను.

నా బీట్ల సంగతికి బావ నవ్వాడని చెప్పావు. హిప్ హాప్ అంటే తిట్లూ, మెడ నిండా గొలుసులూ అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, బావని తప్పుపట్టను. కానీ అది మొదలైన తీరు బావకి చెప్పు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింద ఉన్న హాల్లో ఒక అన్నాచెల్లెళ్ళు పార్టీ పెట్టారు. చెల్లెలు సిండీ కాంప్‌బెల్‌కి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలి, దానికి డబ్బులు కావాలి, అందుకని ఆ అమ్మాయే అంతా ఏర్పాటు చేసింది. అన్న పాటలు పెట్టాడు. అతనే కూల్ హెర్క్, జమైకా నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన పిల్లాడు. జనం అన్నిటికన్నా ఎక్కువగా గంతులేసేది పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కొద్ది సెకన్లకే అని అతను గమనించాడు. అదే రికార్డు రెండు కాపీలు తెచ్చి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్ళీ మొదటి నుంచి పెట్టి, ఆ కొద్ది సెకన్లనీ నిమిషాలకు సాగదీశాడు. ఇవాళ నేను ల్యాప్‌టాప్‌లో లూప్ బటన్ నొక్కి చేసేది అదే పని. పుట్టిన దేశం వదిలి వచ్చినవాళ్ళ ఇంట్లోంచి వచ్చిన సంగీతం అక్కా ఇది, నాకు దగ్గరగా అనిపించడంలో వింతేముంది.

ఇక్కడ చలికాలంలో ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికే చీకటి పడిపోతుంది. పాత రూమ్మేట్ వెళ్ళిపోయాక ఇంట్లో మాట వినబడటం లేదు. మొదట్లో సాయంత్రాలు ఫోన్ చూస్తూ గడిచిపోయేవి, ఏం చూశానో పడుకునేటప్పటికి గుర్తుండేది కాదు. ఇప్పుడు అలా లేదు. నాలుగు బార్ల లూప్ ఒకటి వేసుకుని కూర్చుంటే (బార్ అంటే నాలుగు దెబ్బల వరస), తొంభై బీపీఎం మీద, అంటే నిమిషానికి తొంభై దెబ్బల వేగంలో, అది పది సెకన్ల పైచిలుకు, ఆ పది సెకన్లే తిరుగుతూ ఉంటాయి, నేను వింటూ ఒక్కో చప్పుడూ సర్దుతూ ఉంటాను, తలెత్తి చూసేసరికి రాత్రయిపోతుంది, కానీ మనసు తేలిగ్గా ఉంటుంది. ఇది నీకు అర్థమైతే చాలు, మిగతావాళ్ళకి నువ్వే చెప్పగలవు.

డబ్బులు తగలేస్తున్నానని నాన్న అనుకోకూడదు. నా మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ అనే సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే వస్తుంది, దాంట్లోనే చేస్తున్నాను. హెడ్‌ఫోన్స్ ఉన్నవే. కొన్నది ఆ ప్యాడ్ల పెట్టె ఒక్కటే, అదీ సెకండ్ హ్యాండ్‌ది.

చిన్నోడు తనకీ నేర్పమన్నాడన్నావుగా, ఈ భాగం వాడికి చదివి వినిపించు. ఒరేయ్, మీ కంప్యూటర్‌లో ఎల్ఎంఎంఎస్ అని ఒక సాఫ్ట్‌వేర్ వేసుకో, పూర్తిగా ఉచితం. ఎఫ్ఎల్ స్టూడియో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ట్రయల్ కూడా బాగుంటుంది, కానీ దాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్ళీ తెరవాలంటే కొనాల్సిందే, ముందే తెలుసుకో. ఒక బార్‌కి పదహారు గళ్ళు కనిపిస్తాయి. కిక్, అంటే దబ్బుమనే చప్పుడు, ఒకటో గడిలో పెట్టు. స్నేర్, చప్పట్లాంటి చప్పుడు, ఐదులో, పదమూడులో. హై హ్యాట్, ఆ సన్నటి టిక్ టిక్, ఒకటి మూడు ఐదు ఏడు అలా బేసి గళ్ళన్నిటిలో. తర్వాత ఎనిమిదిలో ఒక కిక్, పదకొండులో ఒక కిక్ అదనంగా వేసి విను, నీకే తల ఊగుతుంది. స్పీడు ఎనభై ఐదుకీ తొంభై ఐదుకీ మధ్య ఉంచు. కొత్త కొత్త చప్పుళ్ళ ప్యాకులు దించుకుంటూ కూర్చోకు, అది సరదాగా ఉంటుంది కానీ బీట్ మాత్రం ముందుకు సాగదు. ఒక కిక్, ఒక స్నేర్, ఒక హ్యాట్, ఒక బేస్ (కింద మోగే లోతైన స్వరం), వాటితోనే ఒక బీట్ పూర్తి చెయ్యి. నాలుగు బార్లు బాగా వచ్చాయని అక్కడే ఆగిపోకు, పాడేవాడికి పదహారు బార్లు ఇవ్వాలి, హుక్‌కి, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవికి, ఎనిమిది ఇవ్వాలి, మధ్యలో ఒక్కోసారి కిక్ తీసేసి మళ్ళీ తేవాలి, అప్పుడే అది పాట అవుతుంది. పరీక్షలయ్యాకే మొదలుపెట్టు.

అక్కా, ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి చెప్తాను. ఆ గళ్ళలో చప్పుళ్ళు కొలత పెట్టినట్టు పెడితే బీట్ తప్పు లేకుండా ఉంటుంది కానీ ప్రాణం ఉండదు. తొంభై స్పీడులో ఒక గడికీ తర్వాతి గడికీ 167 మిల్లీసెకన్ల దూరం. స్వింగ్ అని ఒక మీట ఉంటుంది, యాభై దగ్గర ఉంటే అంతా సమానం, దాన్ని యాభై ఎనిమిదికి తిప్పితే ప్రతి సరి గడిలోని చప్పుడూ 27 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. రెప్పపాటు కన్నా తక్కువ. అంతమాత్రానికే బీట్ నడక మారిపోతుంది. అంతకుముందు నిలబడి ఉన్నది అప్పుడు నడవడం మొదలుపెడుతుంది. దీన్ని డ్రమ్ మిషన్లలోకి తెచ్చినవాడు రోజర్ లిన్, 1988లో వచ్చిన ఎంపీసీ 60 అనే ప్యాడ్ల మిషన్ కూడా ఆయన రూపకల్పనే, నా పెట్టె మీద నాలుగు వరసల్లో నాలుగేసి ప్యాడ్లు ఉండే పద్ధతి దాన్నుంచి వచ్చిందే. డెట్రాయిట్‌లో జే డిల్లా అని బీట్లు చేసే ఒకాయన ఉండేవాడు, ఆయన చాలా బీట్లలో చప్పుళ్ళని గళ్ళకి సరిగ్గా సర్దకుండా, కావాలనే కొంచెం ముందుకో వెనక్కో ఉంచేవాడు. కిక్ ఒకచోట తొందరపడుతుంది, స్నేర్ ఒకచోట ముందుకు తోసుకొస్తుంది, అయినా ఏదీ తప్పినట్టు ఉండదు. 2006లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన వాడిన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఎప్పటికైనా వెళ్ళి చూడాలి.

నేను పంపిన బీట్‌లో టిక్ టిక్ తప్ప ఏం లేదన్నావు కదా. అది ఫోన్ స్పీకర్‌లో విన్నావు. కింద మోగే బేస్ 808 అనే డ్రమ్ మిషన్ చప్పుడు, దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. ఆ 808 కథ కూడా బాగుంటుంది. జపాన్‌లో రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చింది, అసలు డ్రమ్స్‌లా లేదని చాలామంది పక్కన పెట్టేశారు, 1983కల్లా తయారీ కూడా ఆగిపోయింది, అప్పుడు పాత సామాన్ల ధరకి దొరికితే చేతిలో డబ్బుల్లేని కుర్రాళ్ళు కొనుక్కుని దాన్ని లోకమంతా మోగించారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ విను. ఈసారి పంపేదాంట్లో బేస్‌కి కొంచెం శాచురేషన్, అంటే చప్పుడుని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్, కలిపాను, దాంతో పై స్వరాలు పుడతాయి, కింది స్వరం స్పీకర్ పలకకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది.

చెవులు పాడవుతాయని అమ్మ అంటుందని తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. నేను అంతకన్నా బాగా తక్కువ శబ్దంలో, తక్కువసేపే వింటాను, మధ్యమధ్యలో హెడ్‌ఫోన్స్ తీసేస్తాను. నిద్ర విషయంలో మాత్రం అమ్మ మాటే వింటాను, ఆఫీసు ఉన్న రోజుల్లో పదకొండింటికి ల్యాప్‌టాప్ మూసేస్తాను. ఈ మాట ఆమెకి నా పేరు మీద చెప్పు.

నాన్న కంటి చుక్కలు టైముకి వేసుకుంటున్నారా? నువ్వు రాయవు, ఆయన చెప్పరు.

ఇంకో సంగతి, దీనికోసమే నిజానికి ఇంత రాశాను. హిప్ హాప్‌లో పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి వాడుకోవడం మామూలు. కానీ దానికో బాధ ఉంది. జేమ్స్ బ్రౌన్ అనే అమెరికన్ గాయకుడి దగ్గర డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కొట్టిన ఒక ముక్కని వందల పాటల్లో వాడుకున్నారు, ఆయనకి మాత్రం దాని మీద రాయల్టీ హక్కు లేదు. 1991లో న్యూయార్క్ కోర్టు ఒక కేసులో అనుమతి లేకుండా అలా తీసుకోవడం కుదరదని గట్టిగా చెప్పింది, అప్పట్నుంచి అడిగి, డబ్బు కట్టి తీసుకోవాల్సిందే. ఇంట్లో కూర్చుని నేర్చుకునేదానికి ఎవరూ అడగరు కానీ, నాకు నా చప్పుళ్ళతోనే చేయాలని ఉంది. ఇక్కడ హీటర్ పైపు చప్పుడు రికార్డ్ చేశాను, తలుపు గొళ్ళెం చేశాను. అవి బాగానే ఉన్నాయి, కానీ అవి ఈ ఇంటివి.

నాకు అమ్మ కుట్టు మిషన్ కావాలి. ఆ తొక్కుడు చప్పుడు. మనం చదువుకుంటుంటే పక్క గదిలో మోగేది కదా, మూల తిరిగే దగ్గర నెమ్మదించి, పొడుగు కుట్టు వచ్చేసరికి పరుగెత్తేది. ఆ కాలి నడకని ఏ మీటతోనూ తేలేను. సూది దిగే ఒక్కొక్క టక్‌నీ విడిగా కోసి, కింద ఉండే బరబరని ఫిల్టర్‌తో తీసేస్తే అచ్చం హై హ్యాట్‌లా కూర్చుంటుంది, ఒక రెండు బార్లు మాత్రం కోయకుండా, ఆమె తొక్కింది తొక్కినట్టే ఉంచేస్తాను, కిక్‌నే దాని వెంట నడిపిస్తాను.

దొంగచాటుగా వద్దు, అమ్మకి చెప్పి, ఎందుకో చెప్పి, సరే అంటేనే రికార్డ్ చెయ్యి. బట్ట పెట్టి కుట్టమను, ఉత్తినే తొక్కితే చప్పుడు వేరుగా ఉంటుంది. ఫ్యాన్ ఆపు, కిటికీ మూసెయ్యి. ఫోన్‌ని మిషన్ బల్ల మీద పెట్టొద్దు, అదురంతా వస్తుంది, మూరెడు దూరంలో చేత్తో పట్టుకో. ముందు నెమ్మదిగా కొంచెంసేపు, తర్వాత వేగంగా కొంచెంసేపు, ఆఖర్లో ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది చప్పుడు కాస్త. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే చప్పుడు నలిగిపోతుంది, ఫోన్‌లోని రికార్డర్ యాప్‌లో తీసి డాక్యుమెంట్‌గా పంపు, ఎలాగో చిన్నోడికి తెలుసు. అమ్మ మధ్యలో ఏమైనా మాట్లాడితే ఆపకు, దాన్ని కూడా ఉంచు. శనివారంలోగా పంపగలిగితే వారాంతం రెండు రోజులూ దాని మీదే కూర్చుంటాను.

నీ చెల్లెలు