మేడపై ఏసీ యూనిట్ బిగింపు: సభ్యులకు మనవి
సభ్యులందరికీ నమస్కారం. మన హాలు కోసం మేడపై పెట్టబోయే, చల్లగాలీ వేడిగాలీ రెండూ ఇచ్చే ఏసీ యూనిట్ బరువు శ్లాబు మధ్యలో పడకుండా, స్టాండు కాళ్లు దూలాల మీదే ఆనేలా ఇంజనీరు చేత గుర్తులు పెట్టించాకే పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన కోనసీమ వాళ్లం కనుక, యూనిట్‌ను ఇటుకలపై ఊరికే నిలబెడితే ఒప్పుకోవద్దు. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. పాత స్టాండు బోల్టును నిన్న వేలితో నొక్కితే పెచ్చులుగా రాలింది. జింకు పూత పూసిన (గాల్వనైజ్డ్) స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వాడించాలి. ఏసీలో వాడే ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది కాబట్టి, పైపుల అతుకుల్లో లీకులు లేవని నైట్రోజన్‌తో పరీక్షించాకే పైపుల్లోకి గ్యాస్ వదలాలి. ఎర్తింగ్ తప్పనిసరి. పిట్టగోడ అంచున పనిచేసే కుర్రాళ్లు నడుముకు బెల్టు కట్టుకోకపోతే, ఆలస్యమైనా సరే, దయచేసి పని ఆపించండి.