తప్పెటగుళ్ల ఆట ఎవరి కంట పడాలి?

విజయనగరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నీ కంప్యూటర్ ఆట దాదాపు పూర్తయిందనీ, వచ్చే నెలలో స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడిలో, పెట్టేసి ఆ తరువాత ప్రచారం సంగతి చూస్తాననీ రాశావు. తప్పెటగుళ్ల దరువు మీద ఆట కట్టాలన్న ఆలోచన ఎంత బాగుందో, ఈ వరస అంత తలకిందులుగా ఉంది.

2017 నుంచి అక్కడ 100 డాలర్లు కడితే దాదాపు ఎవరి ఆటకైనా చోటు దొరుకుతోంది. ప్రవేశం ఇంత సులువు కావడం మనలాంటివాళ్లకు వరమే గానీ, 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా ఆటలు వచ్చిపడ్డాయి. సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో నిలబడి ఎవరినైనా కేకేసి చూడు, ఎందరు వెనక్కి తిరుగుతారో!

ముందు స్టీమ్‌లో ఆటకు పేజీ తెరువు. నచ్చినవాళ్లు ఆటను విష్‌లిస్టులో (కొనాలనుకునేవాటి జాబితాలో) వేసుకుంటే, విడుదల రోజున వాళ్లకు స్టీమే కబురు పంపుతుంది. స్టీమ్ మన ఆటను కొత్తవాళ్లకు ఎంతవరకు చూపుతుందన్నది చాలావరకు ఆ తొలి రోజుల ఆదరణ మీదే ఆధారపడి ఉంటుంది. విడుదలకు కనీసం 2 వారాల ముందు పేజీ ఉండాలన్నది వాళ్ల నిబంధన, కానీ ఊరూ పేరూ లేని ఆటకు నెలలు పడుతుంది. రాబోయే ఆటల డెమోలను (ఆడి చూడటానికి ఇచ్చే చిన్న భాగాలను) జనం ముందు పెట్టడానికి స్టీమ్ ఏడాదికి మూడుసార్లు జరిపే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక ఆటకు ఒక్కసారే అవకాశం కనుక, డెమో గట్టిపడేదాకా దాని జోలికి పోకు.

ఇక నువ్వు పంపిన ట్రైలరు. మొదట నీ సంస్థ గుర్తు, ఆపైన పొగమంచులో కొండలు, తరువాత ఊరి గురించి నాలుగు వాక్యాలు. గుండెకు తప్పెట కట్టుకున్న మనిషి కనబడేసరికి చూసేవాడు పక్క ఆటకు వెళ్లిపోయి ఉంటాడు. మొదటి క్షణంలోనే తప్పెట మీద చేతులు పడాలి, కాలి గజ్జెలు మోగాలి, ఏ దెబ్బకు ఏ మీట నొక్కాలో తెరమీద తెలిసిపోవాలి. కొండలు ఎక్కడికీ పోవు, తరువాత చూపించుకోవచ్చు. పేజీలో కనబడే చిన్న బొమ్మకూ ఇదే వర్తిస్తుంది: అందులో గుడిగోపురం కాదు, తప్పెట ఉండాలి.

బంధుమిత్రుల చేత కొనిపిస్తే గట్టెక్కుతామన్నావు. నీ మీద అభిమానంతో కొంటారు సరే, ఆడతారా? మనకు కావలసింది దరువు ఆటలంటే చెవి కోసుకునేవాళ్లు; వాళ్లు శ్రీకాకుళంలో ఉన్నా బ్రెజిల్‌లో ఉన్నా ఒకటే. అలాంటి ఆటలనే ఆడి చూపించే చిన్న యూట్యూబర్లను వెతికి, ఒక్కొక్కరికీ విడిగా రాసి, డెమో పంపు. అందరికీ ఒకే ఉత్తరం పంపితే ఎవరూ చదవరు.

అమాంగ్ అస్ అనే ఆట కూడా 2018లో వచ్చి 2020 దాకా ఎవరికీ పట్టలేదని గుర్తు చేశావు. నిజమే. ఆటలు ఆడుతూ నెట్‌లో ప్రత్యక్షంగా చూపించే స్ట్రీమర్లు దాన్ని ఎత్తుకోవడం, కరోనా వల్ల జనమంతా ఇళ్లలో ఉండిపోవడం దానికి కలిసొచ్చాయి. అలాంటి కాలం నీకోసం మళ్లీ వస్తుందని లెక్క వేసుకోకు.

ట్రైలరు మార్చాక డెమోతో పాటు పంపించు. మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో, ఆటల పిచ్చి ఉన్న వాడి స్నేహితుల చేత ఆడించి, పక్కన నోరు మెదపకుండా కూర్చుని, ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ విసుగెత్తి ఆపేశారో రాసి పంపుతాను.

నీ
మిత్రుడు