గోడ మీద పెళ్లి నోటీసు

సంపాదకులకు,

వేర్వేరు మతాలవాళ్లు మతం మార్చుకోకుండా పెళ్లాడాలంటే సాధారణంగా ఉన్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసివ్వాలి. దాన్ని ఆఫీసులో అంటిస్తారు, 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అసలు చిక్కు అది కాదు. హైదరాబాదులో నోటీసిచ్చినా, శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నకలు అక్కడి ఆఫీసుకూ వెళ్తుంది. గోడ మీద పేరు, వయసు, వృత్తి, చిరునామా అన్నీ కనిపిస్తాయి. తెలిసినవాళ్లెవరో చూసి ఊళ్లోకి ఒక్క ఫోన్ కొడితే చాలు, సాయంత్రానికల్లా అమ్మాయి ఫోన్ స్విచాఫ్.

కన్నవాళ్లకు ఇష్టం లేదన్నది చెల్లే అభ్యంతరం కాదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, బతికున్న భార్యో భర్తో ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం (చట్టం పెళ్లికి ఒప్పుకోని దగ్గరి చుట్టరికం), ఇవే లెక్కలోకొస్తాయి. అయినా అర్జీ పడితే విచారణకు ఇంకో 30 రోజులు పట్టొచ్చు. నోటీసిచ్చిన 3 నెలల్లో పెళ్లి కాకపోతే మళ్లీ మొదటికే.

ఇద్దరూ హిందువులై కులాలే వేరైతే ఈ తిప్పలేమీ అక్కర్లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ముందస్తు నోటీసు లేదు. పాపం, చాలా జంటలకు ఇది చెప్పేవాళ్లుండరు.

నోటీసు బయటపెట్టాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. చట్టాన్నే సవరించి, అన్నిటికంటే ముందు, సొంత జిల్లాకు పంపే ఆ నకలును ఎత్తేయాలి.

ఒక న్యాయవాది, కరీంనగర్