వీధులూడ్చే అక్కలకు క్యాన్సర్ పరీక్ష ఎప్పుడు?

చెన్నై కార్పొరేషన్ ఆరోగ్య అధికారి గారికి,

నమస్కారం. ఉత్తర చెన్నైలో తెల్లవారకముందే వీధులూడ్చే తెలుగు ఆడవాళ్ల తరఫున రాస్తున్నాను.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టుకుంటే ప్రాణాలు దక్కుతాయని నిరూపించిన అధ్యయనాల్లో ఒకటి మన రాష్ట్రంలోదే. దిండిగల్ జిల్లాలో 30–59 ఏళ్ల మహిళలకు నర్సులే వెనిగర్ లాంటి ద్రావణం రాసి కంటితో చూశారు. పరీక్షకు పిలవని ఊళ్లతో పోలిస్తే, పిలిచిన ఊళ్లలో ఈ జబ్బు మరణాలు 35 శాతం తక్కువని 2007లో ఫలితాలు వెలువడ్డాయి. పెద్ద యంత్రాలేమీ లేవు, గమనించండి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నది దాదాపు పదిమందిలో ఒకరే.

మా అక్కలది భయం ఒక్కటే కాదు. పగటి ఓపీకి వెళితే ఆ రోజు కూలి పోతుంది. తెల్లబట్ట అవుతోందని చీటీ రాసేచోట నలుగురి ముందు చెప్పడానికి నోరు రాదు.

సాయంత్రాలు వార్డు ఆఫీసు దగ్గరే మహిళా నర్సులతో పరీక్ష పెట్టించండి. కాంట్రాక్టు కార్మికులనూ పిలవండి. అన్నిటికంటే ముఖ్యం, అనుమానం తేలిన మనిషిని చికిత్స దాకా చేర్చే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఎందరిని పిలిచారో, ఎందరికి చికిత్స అందిందో వార్డులవారీగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక పారిశుద్ధ్య కార్మికురాలి కూతురు, వ్యాసర్‌పాడి