అడ్డపొగా? వంశమా? కేసు షీటులో రెండూ రాయండి

సంపాదకులకు,

కేన్సర్ వంశపారంపర్యంగా వస్తుందా అనే విషయం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు ఊళ్లలో 31 ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైన దాన్ని. మా అమ్మ, మా పెద్దమ్మ ఇద్దరూ అంగిలి కేన్సర్‌తోనే పోయారు.

రెండేళ్ల కిందట మా తమ్ముడి కూతురికి మంచి సంబంధం వచ్చింది. ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి అనుకుంటుండగా పెళ్లికొడుకు మేనమామ ఫోన్ చేశాడు. "మీ ఇంట్లో కేన్సర్ ఉందట కదమ్మా, వంశంలో ఉన్నది ఎక్కడికి పోతాది?" అన్నాడు. అంతే, సంబంధం తప్పిపోయింది. ఆ రాత్రి మా మేనకోడలు నా పక్కన పడుకుని "అత్తా, నాకూ వస్తాదా?" అని అడిగింది. సంబంధం పోయినందుకు కాదు, ఆ పిల్ల టెన్షన్ చూసి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ చుట్ట తాగే తీరు ఈ ఉత్తరం చదివేవాళ్లలో చాలామంది చూసి ఉండరు. అగ్గిపుల్ల గీసి ముట్టించి, రెండు దమ్ములు మామూలుగా లాగి, నిప్పు బాగా అంటుకున్నాక చుట్టను తిప్పి, కాలే కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగించేది. ఇసకలో చేపలు ఆరబెడుతున్నా, నెత్తిన తట్ట మోస్తున్నా ఇక దాన్ని చేత్తో ముట్టే పని లేదు. సముద్రపు గాలికి ఆరిపోదు. చంకలో బిడ్డ మీద నిప్పు రాలదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. మావైపు దీన్ని అడ్డపొగ అంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికే. ఒకరోజు టార్చిలైటు వేసి అమ్మ నోరు చూశాను. అంగిలి మొత్తం ఎండిన చెరువు అడుగులా తెల్లగా పగుళ్లు తీసి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. నొప్పి లేదు కదా అని అమ్మ కొట్టిపారేసింది. పుండు పడ్డాకే ఆసుపత్రికి వచ్చింది.

అక్కడ కేసు షీటులో "పొగాకు" అన్న గడిలో ఒక టిక్కు పెట్టారు. చుట్టా, బీడీయా, ఖైనీయా అని అడగలేదు. ఏ కొస నోట్లో పెట్టుకుంటావని అడగలేదు. మా పెద్దమ్మ ఇదే జబ్బుతో పోయిందని నేనే చెప్పాను. దానికి ఆ కాగితంలో గడే లేదు.

ఇదంతా తెలియని సంగతేమీ కాదు. 1960ల చివర్లోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు దేశంలో అయిదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించారు. ఆ అయిదింటిలో మా శ్రీకాకుళం ఒకటి. మా జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి చూసిన 10,169 మంది అంగిళ్ల మీద డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ఆయనతో పనిచేసినవాళ్లు 1971లో వ్యాసం ప్రచురించారు. చుట్ట ఎలా తాగుతున్నారో అడిగి రాసుకున్నారు కాబట్టే అడ్డపొగకూ అంగిలికీ ఉన్న లంకె అంకెలతో సహా తేలింది.

బయోటెక్నాలజీ చదివిన మా అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. అదే 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో నడ్‌సన్ అనే డాక్టరు చిన్నపిల్లలకు వచ్చే కంటి కేన్సర్ మీద లెక్కలు కట్టాడట. ఆయన చూసింది 48 మంది పిల్లల కేసుల వివరాలు. ఏ వయసులో వచ్చింది, ఒక కంటికా రెండింటికా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. వీటితోనే జన్యువుకు రెండు దెబ్బలు తగిలితే ఈ కేన్సర్ వస్తుందనీ, వంశంలో ఉన్న పిల్లలు ఒక దెబ్బ ముందే తగిలి పుడతారనీ చెప్పాడు. ఆ జన్యువు దొరికింది 1986లో. అంటే కేసు వివరాలు సరిగ్గా రాసి ఉంటే, జన్యువు కంటికి కనపడకముందే దాని జాడ తెలిసిందన్నమాట!

మా ఇంటి సంగతే చూడండి. మా అమ్మా పెద్దమ్మా ఒకే తల్లి పిల్లలు, నిజమే. కానీ ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే చుట్టల కట్టలోంచి తీసుకుని అడ్డపొగ తాగారు. మా మేనకోడలు పొగాకు ముట్టదు. అందుకే నీకెందుకు వస్తాదే అని ధైర్యం చెప్పాను. అయితే మా అమ్మమ్మ కూడా అడ్డపొగ తాగి 80 దాటి బతికింది. ఆమెకు ఎందుకు రాలేదు? పొగలో విషాన్ని విరిచే శక్తి, దెబ్బతిన్న కణాన్ని బాగుచేసుకునే శక్తి అందరికీ ఒక్కలా ఉండవంటారు. జన్యువుల పరిశోధన అక్కడ చేయాలి. అలవాటు రాసుకోకుండా రక్తం మాత్రం తీసుకుంటే ఏం తేలుతుంది?

దీనికి తలకిందులు కేసు కూడా చూశాను. నేను పనిచేసిన ఊళ్లో ఒకామెకు 38 ఏళ్లకే రొమ్ము కేన్సర్. ఆమె కూతురికి 40 లోపే వచ్చింది. పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల కలిగేవి మొత్తం కేన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమే. కానీ ఇలా చిన్న వయసులోనే తల్లికీ కూతురికీ వచ్చిన ఇంట్లో ఆ అనుమానం రావాలి. లోపం ఉంటే రొమ్ము కేన్సర్‌కు దారితీసే బీఆర్‌సీఏ అనే జన్యువులు రెండూ 1994, 1995లలోనే దొరికాయి, పరీక్ష ఉంది. ఆ లోపం తండ్రి వైపు నుంచీ రావచ్చు. అయినా ఆ కుటుంబాన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అక్కర్లేని మా ఇంటికి వంశం ముద్ర పడింది, అడగాల్సిన ఆ ఇంట్లో "కర్మ" అని ఊరుకున్నారు.

విశాఖపట్నంలోని అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికీ, ఆంధ్రా మెడికల్ కాలేజీకీ, జిల్లా వైద్యాధికారులకూ నా విన్నపం ఒక్కటే. ప్రతి కేన్సర్ కేసు షీటులో ఏం తాగారు, ఎలా తాగారు, ఏ పని చేశారు, అమ్మ వైపూ నాన్న వైపూ ఎవరికి ఏ వయసులో వచ్చింది అన్నవి ఒకే కాగితం మీద రాయించండి. రాయడానికి ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు కోసం నీళ్లూ మట్టీ రక్తం పరీక్షించడానికి వచ్చినట్టే దీనికీ రండి.

మా ఊళ్లో అడ్డపొగ తాగేవాళ్లు ఇప్పుడు ఏడుగురే మిగిలారు. అందరూ 70 దాటినవాళ్లే. కొత్తవాళ్లు వచ్చి నోరు చూపించమంటే సిగ్గుపడతారు, నేను వెంట ఉంటే చూపిస్తారు. ఎవరు వస్తామన్నా ఏడు గడపలకూ నేనే తీసుకెళ్తాను.

— ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా