సోల్డరు తీయడం నేర్పిన పాలకొల్లు మాస్టారికి కృతజ్ఞతలు

రాజోలులోని మా ఇంటి నీళ్ల ట్యాంకుకు నేను సరదాకొద్దీ తయారుచేసుకున్న మోటారు కంట్రోలు బోర్డు గత నెలలో మొరాయించింది. అప్పుడు దానిని బాగుచేయించిన పాలకొల్లు రేడియో మాస్టారికీ, పాలిటెక్నిక్ చదువుతున్న వారి మనుమరాలికీ నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్చు టకటకా కొట్టుకుంటుంటే విప్పి చూశాను. కరెంటులోని ఎగుడుదిగుళ్లను సరిచేసే 1000 మైక్రోఫారడ్ల ఫిల్టర్ కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. దానిని మార్చడం ఎంతసేపులే అనుకుని, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఒక కాలు వేడిచేసి పట్టకారుతో లాగితే, కెపాసిటరుతోపాటు దాని కాలు అతికి ఉన్న రాగి బిళ్ల, అంటే ప్యాడ్ కూడా ఊడి వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. 555 అనే టైమర్ చిప్పు (ఐసీ) కూడా పోయిందేమోనన్న అనుమానంతో దాని మీద పడ్డాను. గ్రౌండుకు కలిసిన ఒకటో పిన్ను (కాలు) దగ్గర సోల్డరు, అంటే దానిని బోర్డుకు అతికించే లోహం, ఎంతకీ కరగలేదు.

ఆదివారం చించినాడ వంతెన దాటి బోర్డును మాస్టారి ముందు పెట్టాను. "సోల్డరు తీయాలంటే ముందు సోల్డరు పెట్టాలండీ" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. మా ఉప్పుగాలికి పాత అతుకులు మసకబారి ఐరన్ మొనకు అంటడం లేదనీ, పైగా గ్రౌండు రాగి వేడినంతా లాగేసుకుంటోందనీ, ఆ మసకను పోగొట్టే ఫ్లక్స్ కాస్త రాసి 60-40 తగరం-సీసం సోల్డరు కొత్తగా కలిపితే అది 183 డిగ్రీల దగ్గరే కరగనారంభించి వేడిని పాతదానికి అందిస్తుందనీ వివరించారు. అలాగే చేసి, కరిగిన సోల్డరును పీల్చేసే సక్కర్ నొక్కగానే ఒకటో పిన్ను చుట్టూ శుభ్రమైంది. అప్పటికీ పూడుకుపోయి ఉన్న రంధ్రాన్ని మళ్లీ వేడిచేసి, చివర సన్నగా చెక్కిన కొబ్బరి ఈనెను అందులోంచి దూర్చి తీశారు. ఈనెకు సోల్డరు అంటదు. కోనసీమలో పుట్టి పెరిగిన నాకు ఇన్నేళ్లూ ఆ ఆలోచన రాలేదు!

ఐసీని కాపాడాలనుకోవద్దు, బోర్డును కాపాడండి అంటూ 555 కాళ్లను ఒంటి దగ్గరే కత్తిరించి ఒక్కొక్కటే ట్వీజర్‌తో లాగించారు. అది నిజంగా పోయిందో లేదో ఇక తేలదు. దాని చోట ఎనిమిది కాళ్ల సాకెట్ వేశాము. ఊడిన ప్యాడ్ దగ్గర రాగి గీత (ట్రాక్) మీది పచ్చపూతను బ్లేడుతో గీకి, కత్తిరించగా మిగిలిన రెసిస్టర్ తీగ ముక్కను తెగిన దారిని కలిపే జంపరుగా అతికించే పని మనుమరాలు చేసింది. నాకంటే ఆమె చెయ్యి నిలకడైనది.

అసలు తప్పు నాదేనని కూడా మాస్టారే చూపించారు. బోర్డుకు వచ్చే 12 వోల్టుల ఏసీ ప్రతి అలలోనూ ఎక్కే శిఖరం దాదాపు 17 వోల్టులు. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి సర్క్యూట్‌లోని డయోడ్లు వోల్టున్నర తిన్నా, రాత్రి లైను వోల్టేజీ పెరిగినప్పుడు నేను వేసిన 16 వోల్టుల కెపాసిటరుకు అది మించిన భారం. ఇప్పుడు 35 వోల్టులు, 105 డిగ్రీల వేడి వరకు తట్టుకునే రకం వేశాము. చారగీత ఉన్న మైనస్ వైపును ఇద్దరూ రెండుసార్లు సరిచూశారు.

మాస్టారు రూపాయి పుచ్చుకోలేదు. సాధన చేసుకోమని ఇచ్చిన వారి సక్కర్ ఇంకా నా దగ్గరే ఉంది. పాత టీవీ బోర్డు మీద మరో పది ఐసీలు ప్యాడ్లు లేవకుండా తీశాక పట్టుకొచ్చి అప్పగిస్తాను.