హెచ్‌ఆర్‌ వాళ్లకూ లాభనష్టాల బాధ్యత అప్పగించండి

సంపాదక మహాశయా,

ఇరవై రెండేళ్లుగా హెచ్‌ఆర్‌ (మానవ వనరుల) విభాగంలో ఉన్నాను. మా సంస్థలో సీఈఓ పదవికి నా పేరు పరిశీలనకు వచ్చినప్పుడు బోర్డు సభ్యుడొకరు బ్యాలెన్స్ షీట్ నా ముందుకు జరిపి, రావలసిన బకాయిల వరుస మీద వేలు పెట్టారు. "సరుకు అమ్మిన తొంభై రోజులకు గానీ డబ్బు చేతికి రావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లలో ఒక్క ఏడాదైనా అమ్మకాలో, ఉత్పత్తో నాకు అప్పగించి ఉంటే జవాబు చెప్పేదాన్ని.

ఈ విభాగం నుంచి పైకి దారి లేదనడం తప్పు. యూనిలీవర్‌లో హెచ్‌ఆర్‌ అధిపతిగా ఉన్న లీనా నాయర్ 2022 జనవరిలో ఫ్యాషన్ సంస్థ షనెల్ సీఈఓ అయ్యారు. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో మేరీ బారా ప్లాంటు మేనేజరుగా చేసి, 2009 నుంచి 2011 దాకా హెచ్‌ఆర్‌ చూసి, తర్వాత కొత్త వాహనాల రూపకల్పన చేపట్టి, 2014లో సీఈఓ అయ్యారు. నా దృష్టిలో ఈ రెండో దారే గట్టిది.

రెండు రోజుల నాయకత్వ శిక్షణతో ఈ వ్యాపార అనుభవం రాదు. కనీసం రెండేళ్లు ఒక వ్యాపార విభాగాన్ని లాభనష్టాలతో సహా చేతికివ్వాలి. మా విభాగంలో ఇద్దరిని అలా పంపమని ఈ నెలే యాజమాన్యానికి రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక హెచ్‌ఆర్‌ అధికారిణి